పైన నీటికి కరువు, కింద వరద: టూమ్‌స్టోన్ వెండి గనులపై మీ ప్రశ్నలు

అమెరికాలో అరిజోనా రాష్ట్రపు ఆగ్నేయ మూలన, మెక్సికో సరిహద్దుకు దాదాపు ముప్ఫై మైళ్ల దూరంలో టూమ్‌స్టోన్ అనే చిన్న ఊరుంది. 1877లో ఎడ్ షెఫలిన్ అనే గనుల అన్వేషకుడికి అక్కడ వెండి దొరికింది. పదేళ్లు తిరక్కుండానే పెద్ద గనులు నీట మునిగాయి. ఈ ఊరి గురించి పాఠకులు పంపినవాటిలో ఒకే తీరు ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఎడారిలో తిరిగే మనిషికి ఫలానా రాయిలో వెండి ఉందని కంటితో చూస్తే తెలుస్తుందా? ఎడ్ షెఫలిన్‌కు ఎలా తెలిసింది? దొరికినంత మాత్రాన ఆ నేల అతనిది ఎలా అయింది?

జవాబు: మెరిసే వెండి కోసం వెతికితే టూమ్‌స్టోన్ కొండల్లో ఎవరికీ ఏమీ దొరికేది కాదు. అక్కడి పై పొరల్లో వెండి ఎక్కువగా క్లోరైడ్ రూపంలో ఉంది. గనులవాళ్లు దాన్ని కొమ్ము వెండి అంటారు. బూడిద రంగులోనో లేత ఆకుపచ్చలోనో, మైనం పూసినట్టు ఉంటుంది. చాకుతో గీస్తే పొడి రాలదు, చెక్కులా లేస్తుంది. నాణెం అంచు గట్టిగా నొక్కితే అచ్చు పడుతుంది. ఇది తెలియనివాడు దాన్ని తొక్కుకుంటూ పోతాడు.

షెఫలిన్ వాడిన పద్ధతి కొత్తదేమీ కాదు. కొండ మీద బయటికి పొడుచుకొచ్చిన ఖనిజ సిర, అంటే రాతిలో నరంలా సాగే ఖనిజపు పొర, ఎండకూ వానకూ పగిలి, ముక్కలు వాగుల్లోకి దొర్లుతాయి. ఎండిన వాగు పట్టుకుని ఎగువకు నడుస్తూ ఆ ముక్కలు ఏరుకుంటూ పోవాలి. ముక్కలు పెద్దవవుతూ, అంచులు పదునుగా కనిపిస్తూ ఉంటే సిర దగ్గర పడుతోందన్న మాట. ఒక చోట హఠాత్తుగా ముక్కలు ఆగిపోతే దాన్ని దాటి వచ్చేశామని అర్థం. అప్పుడు వెనక్కి తిరిగి పక్క గట్లు గాలించాలి. కష్టమంతా ఆ చోటు అపాచీ అనే స్థానిక తెగవారి నేల కావడం. హువాచుకా సైనిక శిబిరంలో ఒక సైనికుడు, అక్కడ నీకు దొరికేది నీ సమాధి రాయి ఒక్కటేనని వెక్కిరించాడట. అందుకే షెఫలిన్ తన మొదటి హక్కు స్థలానికి ఆ పేరే, ఇంగ్లీషులో టూమ్‌స్టోన్ అని, పెట్టాడు.

ఇక హక్కు సంగతి. 1872 నాటి ఫెడరల్ గనుల చట్టం ప్రకారం ప్రభుత్వ భూమిలో సిర కనిపెట్టినవాడు దాని పొడవునా 1,500 అడుగులు, మధ్య గీత నుంచి రెండు వైపులా 300 అడుగుల చొప్పున గుర్తు పెట్టుకోవచ్చు. నాలుగు మూలలా గుర్తులు నాటాలి, నోటీసు అతికించాలి, కౌంటీ రికార్డుల్లో నమోదు చేయించాలి. షెఫలిన్ 1877 సెప్టెంబరులో టూసాన్ వెళ్లి ఆ పని చేశాడు. ఆ తర్వాత ఏటా కనీసం 100 డాలర్ల విలువైన పని చేయాల్సి ఉండేది. చేయకపోతే ఆ చోటును మరొకడు పట్టుకునే వీలుండేది.

చట్టంలో ఒక మెలిక ఉంది. సిర శిఖరం, అంటే దాని పై కొస, మీ స్థలంలో ఉంటే, అది వాలుగా పక్కవాడి నేల కిందికి పోయినా మీరు దాన్ని తవ్వుకుంటూ పోవచ్చు. వ్యాజ్యాలకు ఇంతకన్నా మంచి విత్తనం ఉండదు. టూమ్‌స్టోన్‌లో పెద్ద గనుల్లో ఒకటైన కంటెన్షన్ పుట్టిందే గొడవలోంచి: హాంక్ విలియమ్స్ అనేవాడు పట్టుకున్న గ్రాండ్ సెంట్రల్‌లో తమకూ వాటా ఉందని షెఫలిన్ పక్షం నిలదీస్తే, విడగొట్టి ఇచ్చిన ముక్క అది.

ప్రశ్న: మొదటి నమూనాలో టన్నుకు 2,000 డాలర్ల వెండి తేలిందని చదివాను. గుప్పెడు రాయి నుంచి టన్ను లెక్క ఎలా కడతారండీ?

జవాబు: రిచర్డ్ గర్డ్ అనే పరీక్షకుడు చేసింది అగ్ని పరీక్ష. మన కంసాలులు పుటం పెట్టడం చూసినవారికి ఇందులో కొత్త ఏమీ ఉండదు.

రాయిని మెత్తగా నూరి, కుప్ప చేసి, నాలుగు భాగాలుగా చీల్చి, ఎదురెదురు భాగాలు తీసుకుంటూ నమూనాను తగ్గించుకుంటూ రావాలి. చివరికి 29.17 గ్రాములు తూచుకోవాలి. ఆ అంకె ఊరికే పెట్టింది కాదు. 2,000 పౌన్ల టన్నులో 29,166 ట్రాయ్ ఔన్సులు (వెండి బంగారాలు తూచే ఔన్సులు) ఉంటాయి. కాబట్టి 29.166 గ్రాముల పొడిలోంచి ఎన్ని మిల్లీగ్రాముల వెండి వస్తే, టన్నులో అన్ని ఔన్సులు ఉన్నట్టే. వేరే లెక్క అక్కర్లేదు.

ఆ పొడికి లిథార్జ్ (సీసపు ఆక్సైడ్), సోడా, వెలిగారం, చిటికెడు గోధుమ పిండి కలిపి మూసలో కరిగిస్తారు. పిండిలోని కార్బన్ లిథార్జ్‌ను సీసంగా మారుస్తుంది. సీసం బొట్లు బొట్లుగా కిందికి దిగుతూ వెండినీ బంగారాన్నీ తనలోకి లాక్కుంటుంది. పైన చిట్టెం తేలుతుంది. అడుగున మిగిలిన సీసపు గుండును ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పెట్టి మళ్లీ కొలిమిలో ఉంచితే, సీసం ఆక్సైడై గిన్నెలోకి ఇంకిపోతుంది, వెండి పూస మిగులుతుంది. దాన్ని తూచి, నత్రికామ్లంలో వేస్తే వెండి కరిగి బంగారం నల్లటి తునకగా మిగులుతుంది. మొదటి బరువులోంచి దాన్ని తీసేస్తే వెండి లెక్క తేలుతుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది రెండు చోట్ల. కొలిమి మరీ వేడెక్కితే సీసంతో పాటు కొంత వెండీ పోతుంది. అంతకన్నా పెద్ద తప్పు నమూనా దగ్గరే: మంచి రాయి చూసి ఏరుకొచ్చి పరీక్షకిస్తే, ఆ అంకె ఆ రాయిదే కానీ గనిది కాదు. ఆనాడు ఔన్సు వెండి 1.20 డాలర్లకు కాస్త తక్కువ. 2,000 డాలర్ల టన్ను అంటే సుమారు 1,700 ఔన్సులు, బరువులో ఆరు శాతం దాకా. ఏ మిల్లుకూ సగటున అంతటి రాయి రాదు. గర్డ్‌కు ఈ సంగతి తెలుసు. అయినా ఉద్యోగం వదిలి, ఎడ్‌తోనూ అతని అన్నదమ్ముడు ఆల్‌తోనూ మూడో వంతు చొప్పున నోటిమాట మీద భాగం కలిపాడు. 1878 వసంతంలో వాళ్లకు లక్కీ కస్, టఫ్ నట్ సిరలు దొరికాయి.

ప్రశ్న: గనులేమో కొండ మీద, మిల్లులేమో తొమ్మిది మైళ్ల అవతల శాన్ పెడ్రో నది ఒడ్డున. రాళ్లను అంత దూరం బండ్ల మీద మోయడం తెలివితక్కువ పని కాదా?

జవాబు: రాళ్లను నీటి దగ్గరికి మోయడమా, నీటిని రాళ్ల దగ్గరికి ఎత్తడమా అన్నదే లెక్క. ఒక టన్ను ఖనిజానికి కొన్ని టన్నుల నీళ్లు కావాలి, పైగా బాయిలర్లకు వేరే. 1879లో కొండ మీద తాగే నీళ్లనే పీపాల్లో బండ్ల మీద తెచ్చి అమ్ముకునేవారు. అందుకని ఆ ఏడాది జూన్‌లో మొదటి మిల్లు నది ఒడ్డున మిల్‌విల్‌లో మొదలైంది. దిగువకు వాలిన దారి కాబట్టి కంచర గాడిదల బండ్లు నిండుగా దిగి, ఖాళీగా ఎక్కేవి.

మిల్లులో పని ఇలా సాగుతుంది. స్టాంపు అంటే ఇనప రోకలి. ఒక్కొక్కటి ఏడెనిమిది వందల పౌన్ల బరువు, తిరిగే ఇరుసుకున్న పళ్లు దాన్ని ఎత్తి వదులుతుంటాయి. దంచిన పొడి నీళ్లతో కలిసి జల్లెడ దాటి తొట్లలోకి పోతుంది. అక్కడి నుంచి తీసి ఇనప పాన్లలో పోస్తారు. పాన్‌లో ఇనప తిరగలి రాయి తిరుగుతూ ఉంటుంది, కింద నుంచి ఆవిరి వేడి తగులుతుంది. ఉప్పు, మైలుతుత్తం వేసి రెండు మూడు గంటలు నూరాక పాదరసం పోసి మరో రెండు మూడు గంటలు తిప్పుతారు. పాన్ ఇనపది కావడం ముఖ్యం: ఇనుము క్లోరిన్‌ను లాక్కుంటుంది, విడిపడ్డ వెండిని పాదరసం పట్టుకుంటుంది. తర్వాత పెద్ద తొట్టిలో నీళ్లు కలిపి పలుచన చేస్తే పాదరసం అడుగుకు చేరుతుంది. దాన్ని కాన్వాసు సంచిలో పిండితే గట్టి ముద్ద మిగులుతుంది. ముద్దను రిటార్టు అనే మూసిన ఇనప పాత్రలో కాలిస్తే పాదరసం ఆవిరై, చల్లటి గొట్టంలో మళ్లీ ద్రవమై తిరిగొస్తుంది. మిగిలిన వెండిని కరిగించి కడ్డీలు పోస్తారు.

పాన్‌లోని బురద మరీ పలచనైతే పాదరసం అడుగున కూర్చుంటుంది, వెండికి తగలదు. మరీ చిక్కనైతే కదలదు. నూనె, జిడ్డు పడినా, ఎక్కువసేపు నూరినా పాదరసం సన్నని తుంపరగా విడిపోయి వ్యర్థపు మట్టితో కొట్టుకుపోతుంది, తనతో వెండినీ పట్టుకుపోతుంది. టూమ్‌స్టోన్ ఖనిజంలో సీసపు కార్బొనేట్ కూడా ఉంది. సీసం పాదరసంలో కలిస్తే కడ్డీ చవకబారుదవుతుంది. ఇన్ని ఉన్నా, కొమ్ము వెండికి ఈ పద్ధతి చక్కగా సరిపోయింది. వేయించే పని లేదు, కరిగించే కొలిమి లేదు. ఆ ఊరు అంత వేగంగా పెరగడానికి ఈ సులువే మూలం. ఇది గుర్తుంచుకోండి, గనులు మునిగిన కథకు ఇది కావాలి.

ప్రశ్న: ఓకే కొరాల్ కాల్పుల వల్లే ఊరు పాడైపోయిందని ఒక వీడియోలో చెప్పారు. నిజమా?

జవాబు: కాదు. 1881 అక్టోబరు 26న ఊరి పోలీసులకూ కౌబాయ్ ముఠాకూ మధ్య జరిగిన ఆ కాల్పులు అర నిమిషం సాగాయి, ముగ్గురు చనిపోయారు. జరిగింది కూడా కొరాల్ అనే గుర్రాల దొడ్డిలో కాదు, ఫ్రీమాంట్ వీధి పక్కన ఒక ఇరుకు ఖాళీ జాగాలో. దాని తర్వాత కూడా ఊరు పెరుగుతూనే ఉంది. గనుల భవిష్యత్తును తేల్చిన సంగతి ఆ ఏడాది మార్చిలోనే జరిగింది. సల్ఫ్యురెట్ గనిలో 520 అడుగుల లోతున నీరు పడింది. దాని మీద సినిమా ఎవరూ తీయరు.

ప్రశ్న: ఊళ్లో వేల మందికి నీళ్లెక్కడివి? మంటలు లేస్తే ఎలా?

జవాబు: మంటలు లేస్తే కాలిపోవడమే. 1881 జూన్ 22న ఒక సెలూన్ దగ్గర విస్కీ పీపాకు చుట్ట నిప్పు అంటుకుని 66 దుకాణాలు బూడిదయ్యాయి. 1882 మేలో మళ్లీ వ్యాపార వీధులు తగలబడ్డాయి. కర్ర గోడలు, ఎండిన గాలి, ఆర్పడానికి నీళ్లు లేవు. ఆ రోజుల్లోనే హువాచుకా వాటర్ కంపెనీ ఇరవై మైళ్లకు పైగా ఇనప గొట్టాలు వేసి హువాచుకా కొండల ఊటల నీటిని తెచ్చింది. పంపు లేకుండా, కొండ ఎత్తు వల్ల వచ్చే ఒత్తిడితోనే నీరు పారుతుంది. ఆ ఊటల నీటి మీదే ఊరు ఇప్పటికీ ఆధారపడుతోంది. 2011లో మాన్యుమెంట్ కార్చిచ్చు తర్వాత వచ్చిన బురద వరదకు గొట్టాలు కొట్టుకుపోతే, రక్షిత అడవిలోకి యంత్రాలు తెచ్చుకోనివ్వమని ఊరు ఫెడరల్ అటవీ శాఖతో కోర్టుకెక్కింది, గెలవలేదు.

ప్రశ్న: ఎడారిలో గనిలో నీళ్లు పడితే అదృష్టం కదా! తోడి మిల్లుకు వాడుకోవచ్చు. అంత పెద్ద కంపెనీలు తోడలేక ఎందుకు చేతులెత్తేశాయి?

జవాబు: మొదట్లో అందరూ మీలాగే సంతోషించారు. కొండ మీదే మిల్లు పెట్టుకోవచ్చు, బండి ఖర్చు మిగులుతుంది అనుకున్నారు. నాలుగంగుళాల పంపులు పెట్టి తోడారు. లోతుకు వెళ్లే కొద్దీ ఊట పెరిగింది.

ఆ లోతుకు అప్పట్లో నమ్మదగినది కార్నిష్ పంపు. ఆవిరి ఇంజను నేల మీదే ఉంటుంది. షాఫ్టు (గనిలోకి దిగే నిలువు బావి) పొడవునా వేలాడే భారీ దూలాన్ని పైకీ కిందికీ ఆడిస్తుంది. దూలానికి అంచెలంచెలుగా ప్లంజర్లు, అంటే నీటిని నెట్టే కడ్డీలు, బిగించి ఉంటాయి. ఒక్కో అంచె నీటిని పై తొట్టిలోకి నెడుతుంది, అక్కడి నుంచి తర్వాతి అంచె అందుకుంటుంది. గ్రాండ్ సెంట్రల్, కంటెన్షన్ గనులు ఇలాంటి యంత్రాలు తెప్పించాయి. 1884 ఫిబ్రవరి నాటికి రోజుకు 5,76,000 గ్యాలన్లు తోడుతున్నారు. అంటే నిమిషానికి 400 గ్యాలన్లు, రోజుకు దాదాపు 22 లక్షల లీటర్లు. దీన్ని 550 అడుగులు ఎత్తడానికి రాపిడి నష్టాలేవీ లేకుండానే 55 హార్స్‌పవర్ పైచిలుకు కావాలి, అదీ రాత్రీ పగలూ ఆగకుండా. ఆ బాయిలర్లకు కట్టెలు చుట్టుపక్కల కొండల నుంచి నరికి తేవాలి. ఆగితే నీరు మళ్లీ పైకి వచ్చేస్తుంది, కాబట్టి వెండి తవ్వినా తవ్వకపోయినా ఖర్చు ఆగదు.

దీని మీద పొరుగువాళ్ల లెక్క ఒకటి. బీటలు వారిన సున్నపురాయిలోనూ మిగతా రాళ్లలోనూ నీరంతా కలిసే ఉంటుంది. ఇద్దరు తోడితే కొండంతా ఆరుతుంది. మిగతా గనులు ఆ మేలు ఊరికే అనుభవించాయి, ఖర్చులో భాగం పంచుకోమంటే వెనకాడాయి. అన్ని గనులూ కలిసి ఒకే లోతైన పంపు షాఫ్టు పెట్టుకుని ఉంటే కథ వేరుగా ఉండేదని మా అభిప్రాయం. ఆ పని తర్వాత జరిగింది, కానీ వెండి ధర పోయాక.

అసలు దెబ్బ ఇంకొకటి. భూగర్భ జలం ఎక్కడ మొదలవుతుందో, సుమారుగా అక్కడే ఖనిజమూ మారిపోతుంది. పైన గాలీ వాన నీరూ తగిలిన చోట సల్ఫైడ్లు (గంధకంతో కలిసిన ఖనిజాలు) విరిగి కొమ్ము వెండి ఏర్పడింది. నీటి గీత కింద గాలి చేరలేదు కాబట్టి గెలీనా, టెట్రాహెడ్రైట్ వంటి సల్ఫైడ్లు అలాగే ఉన్నాయి. వీటిని మామూలు పాన్‌లో వేస్తే పాదరసం వెండిని సరిగా పట్టదు. ముందు ఉప్పుతో వేయించాలి, లేదా కరిగించే కొలిమికి పంపాలి. ఇంధనం మళ్లీ కావాలి. కష్టపడి నీళ్లు తోడి కిందికి దిగితే, అక్కడ దొరికేది తీయడానికి ఎక్కువ ఖర్చయ్యే ఖనిజం.

1886 మేలో గ్రాండ్ సెంట్రల్ షాఫ్టు మీది కర్ర కట్టడం అంటుకుంది. ఆ వేడికి పంపు ఇంజను భాగాలు వంకరపోయాయి. కంటెన్షన్ పంపు ఒక్కటే ఆ నీటిని ఆపలేకపోయింది. అప్పటికి ధర తగ్గుతోంది, కొత్త యంత్రానికి డబ్బు పెట్టే వాటాదారు లేడు.

ప్రశ్న: కూలి ఎంత ఇచ్చేవారు?

జవాబు: రోజుకు 4 డాలర్లు. 1884లో కంపెనీలు దాన్ని 3 డాలర్లకు తగ్గించబోతే కార్మిక సంఘం సమ్మె చేసింది. అదే మేలో ఊళ్లోని హడ్సన్ బ్యాంకు మూతపడి కార్మికుల పొదుపు పోయింది. హువాచుకా కోట నుంచి సైనికులు వచ్చారు. సమ్మె ఓడింది, చాలామంది ఊరు వదిలారు. పంపు ఖర్చు ముందు కూలీల జేబులోకే చేరిందని దీన్ని చదువుకోవచ్చు.

ప్రశ్న: 1893లో వెండి ధర కూలడానికి మన దేశానికీ సంబంధం ఉందంటారు. అతిశయోక్తి కాదా?

జవాబు: కాదు. 1870ల నుంచి జర్మనీ, అమెరికా సహా పెద్ద దేశాలు బంగారు నాణేనికి మళ్లుతూ వెండి కొనుగోలు తగ్గించాయి. నెవాడా గనులు మాత్రం కుప్పలుగా తవ్వి పోస్తున్నాయి. అప్పటికి వెండిని ఎంత తెచ్చినా నాణెంగా కొట్టి ఇచ్చే పెద్ద చోటు బ్రిటిష్ ఇండియా టంకశాలలే. 1893 జూన్ 26న అవి ప్రజల వెండిని తీసుకోవడం ఆపేశాయి. అమెరికా ప్రభుత్వం 1890 నాటి షెర్మన్ చట్టం కింద నెలకు 45 లక్షల ఔన్సులు కొంటుండేది. అదీ ఆ ఏడాది రద్దయింది. 1892లో సగటున 87 సెంట్లున్న ఔన్సు 1894కు 63 సెంట్లకు వచ్చింది. టూమ్‌స్టోన్ గనులు మునిగింది దీనికి ఏడేళ్ల ముందే. కాబట్టి ఊరిని ముంచింది ధర అనడం సరికాదు. మునిగినదాన్ని పైకి తీయనివ్వకపోయింది ధర.

ప్రశ్న: మళ్లీ ఎవరూ ప్రయత్నించలేదా? ఇప్పుడు వెండి ధర బాగుంది కదా, గనులు తెరుస్తారా? చూడ్డానికి వెళ్తే ఏముంటుంది?

జవాబు: ప్రయత్నించారు. గ్రాండ్ సెంట్రల్‌ను నడిపిన ఇ.బి. గేజ్ 1901లో చాలా గనులను కలిపి టూమ్‌స్టోన్ కన్సాలిడేటెడ్ పెట్టించాడు. 1903లో రైలు ఊళ్లోకి వచ్చింది. ఒక్క పంపు షాఫ్టును వెయ్యి అడుగుల దాకా దించారు. నీరు లోతుతో పాటు పెరుగుతూనే పోయింది, వచ్చిన ఖనిజం ఆ ఖర్చును మోయలేదు. 1911లో కంపెనీ దివాలా తీసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కొంత మాంగనీసు తవ్వారు. 1980లలో పాత వ్యర్థపు రాళ్ల గుట్టల మీద సైనైడ్ నీళ్లు చల్లి మిగులు వెండి రాబట్టారు. మొత్తం మీద ఆ ప్రాంతం ఇచ్చింది సుమారు 3.2 కోట్ల ట్రాయ్ ఔన్సులు, అంటే వెయ్యి టన్నుల వెండి. సులువుగా తీయగల పై పొర అయిపోయింది. మిగిలినది నీటి కింద ఉంది. తోడిన నీటిని ఎక్కడ వదలాలన్నది ఈ రోజుల్లో తోడే ఖర్చు కన్నా పెద్ద చిక్కు, ఎందుకంటే పక్కనే ఉన్న శాన్ పెడ్రో తీరం 1988 నుంచి రక్షిత ప్రాంతం. మేమైతే ఆ గనుల వాటాలు కొనమని ఎవరికీ చెప్పం.

జనాభా కూడా అదే చెబుతుంది. 1880ల నడుమ పదివేలు దాటిందని అంచనాలున్నాయి. 1890 లెక్కల్లో 1,875, 1900లో 646. 1929లో కౌంటీ కేంద్రాన్ని రాగి గనుల ఊరు బిస్బీకి మార్చాలని ఓటు పడింది. అదే ఏడాది ఊరు మొదటి హెల్‌డొరాడో ఉత్సవం జరిపి, పర్యాటకుల మీద బతకడం మొదలుపెట్టింది. 2020లో 1,308 మంది.

వెళ్లేవారు కాల్పుల ప్రదర్శనకు ఒక గంట చాలనుకుని, మిగతా రోజు ఇలా గడపండి. 1882 నాటి కోర్టు భవనంలోని మ్యూజియం చూసి, గుడ్ఎనఫ్ గని పర్యటనకు వెళ్తే ఖనిజ సిర వెంట మనుషులు తవ్విన ఖాళీలు దగ్గరగా కనిపిస్తాయి. తర్వాత మిల్‌విల్ కాలిబాట పట్టండి. మిల్లుల రాతి పునాదులు ఇంకా ఉన్నాయి. అక్కడి మట్టిలో పాదరసం ఉండొచ్చు కాబట్టి పిల్లల్ని తవ్వనివ్వకండి, ఇంటికి రాళ్లు తీసుకోవద్దు. కొండల మీద తెరిచి ఉన్న పాత షాఫ్టుల అంచుకు పోవద్దు: పైన కర్రలు కుళ్లి ఉంటాయి, అడుగున ప్రాణవాయువు లేని గాలి నిలిచి ఉండొచ్చు. వేసవిలో వెళ్తే మనిషికి కనీసం నాలుగు లీటర్ల నీళ్లు వెంట ఉంచుకోండి.